పైపులు, తొట్టి, కానిస్టేబులు

ఒక పైపు తొట్టిని 6 గంటల్లో నింపుతుంది, ఇంకో పైపు 8 గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తిప్పితే తొట్టి ఎప్పటికి నిండుతుంది? మన శాంతిభద్రతలు ఈ జవాబు మీదే నిలబడి ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కానిస్టేబుల్ రాతపరీక్షలో అర్థమెటిక్ ఉంటుంది మరి. 24 గంటలని గుర్తించినవాడే రేపు దొంగను పట్టగలడు. ‘ఆ ఖాళీ చేసే పైపును ముందు కట్టేస్తే పోలా?’ అనే బుర్ర ఉన్నవాడికి సున్నా.

లెక్కలు రాని పిల్లలకు దారి చూపడంలో మన పెద్దలది అందెవేసిన చేయి. పదో తరగతి లెక్కల్లో 35 దగ్గర ఊగిసలాడాడా, ‘ఎంపీసీ వద్దులే, సీఈసీలో పడేయండి’ అంటారు. సీఈసీ అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. అంకెలంటే వణికే పిల్లాణ్ణి తీసుకెళ్లి జమాఖర్చులు, తరుగుదల, బ్యాలెన్స్ షీట్ల మధ్య కూర్చోబెట్టామన్నమాట. నీళ్లంటే భయమన్నవాణ్ణి బావిలోంచి తీసి చెరువులో వేయడమే ఇది. ఇంకాస్త దయగలవాళ్లు బైపీసీ అంటారు. ఫిజిక్సులో లెక్కలుండవని వీళ్లకెవరు చెప్పారో! రేపు అలా బైపీసీలో చేరిన పిల్ల నర్సయితే మందు ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించాలో నిజంగానే లెక్క కట్టాలి. అక్కడ తప్పితే పోయేది మార్కు కాదు. ‘ఏదో ఒక చేతిపని నేర్పించండి’ అనేది ఆఖరి సలహా. వడ్రంగి పొద్దస్తమానం దేనితో కుస్తీ పడతాడో, టైలర్ మెడలో వేలాడే టేపు మీద ఏముంటుందో ఈ సలహాదారులు ఎన్నడూ చూసినట్టు లేరు.

లెక్కలు రాని ఈ పిల్లల్లో కొందరిది బద్ధకం కాదు. చక్కగా మాట్లాడతారు, చక్కగా రాస్తారు, ఎదుటి మనిషి మొహం చూసి కష్టం పసిగడతారు. అంకెల దగ్గరికొచ్చేసరికి మాత్రం 36 కాస్తా 63 అయిపోతుంది. దీన్ని డిస్‌కాల్‌క్యులియా అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని అభ్యసన వైకల్యాల్లో ఒకటిగా పేరు పెట్టి మరీ గుర్తించింది. ఆ చట్టం ఇచ్చిన ఉద్యోగ రిజర్వేషన్ 4 శాతం. అందులో చూపు, వినికిడి, కదలిక లోపాలకు తలా ఒక శాతం పోను మిగిలిన ఒక్క శాతాన్నీ ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఒకటికి మించిన వైకల్యాలు, వీటితోపాటు మన అభ్యసన వైకల్యం ఉన్నవాళ్లందరూ కలిసి పంచుకోవాలి. ఆ వాటా కోసం కూడా కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తేవాలి. అంటే లెక్కలు ఎంత రావో లెక్క తేల్చి చూపించాలి! ఈ పంపకం చేసినవారికి ఏ కొలువు తగుతుందో నాకు తోచలేదు.

పోనీ, కొలువులోకి వెళ్లాకైనా ఆ లెక్కలు నోటితో చేయాలా? ఆర్టీసీ కండక్టరుకు టికెట్లు కొట్టే మెషీన్ ఇస్తారు. ఆఫీసు గుమాస్తా బల్ల మీద కంప్యూటరుంటుంది. ఉద్యోగం ఇచ్చాక మెషీను చేతిలో పెట్టేవాళ్లు, ఇవ్వకముందు పరీక్ష హాలు గుమ్మంలో చేతి గడియారం కూడా ఊడబెరుకుతారు. ఇక పెద్ద కొలువుల్లో ఉన్నవాళ్ల లెక్క తప్పి వంతెన ఖర్చు రెండింతలయినా ‘సవరించిన అంచనా’ అనే చల్లని పేరుతో సంతకం పడిపోతుంది. పదో తరగతి పిల్లాడికి సవరించిన జవాబు రాసే వీలు లేదు.

నియామక బోర్డుల పెద్దలకు ఒక మనవి. నోటిఫికేషనులో వయసు, జీతం, ఎత్తు, ఛాతీ అన్నీ వేస్తున్నారు. ఆ ఉద్యోగంలో చేరినవాడు ఏ లెక్క, ఏ పని కోసం, మెషీను లేకుండా చేయాల్సి వస్తుందో కూడా ఒక్క వరుస వేయండి. వేయడానికి ఏమీ దొరక్కపోతే ఆ పైపుల్నీ తొట్టినీ ప్రశ్నపత్రంలోంచి పీకేయండి.