చేపముల్లులో నా పేరు

కాశీకి పోయి వచ్చినవాళ్ళు కొన్నాళ్ళకైనా గంగను వదిలి వేరే మాటల్లో పడతారు. పన్నెండు వారాల జిమ్ము ప్రోగ్రాం ముగించుకుని వచ్చినవాళ్ళు పడరు. మా బావ ముగించి ఆర్నెల్లు దాటింది. ఈరోజుకీ పెళ్ళికి పోయినా, చావుకు పోయినా, పలకరింపులు అయినాక గొంతు సవరించుకుని "నా పొట్ట చూస్తివా?" అని అడుగుతాడు. చూడకుండా తప్పించుకునే దారి లేదు. మనం తల ఎత్తేలోపే చొక్కాను రెండు చేతులతో వెనక్కి లాగిపట్టి, పక్కకు తిరిగి నిలబడి ఉంటాడు.

ఇట్లాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండనే ఉంటారు. కానీ మా హొసూరు రకం వేరు. 1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చినాక ఇక్కడ రాగిచేలల్లో షెడ్లు లేచినాయి. టీవీఎస్ బండ్లు, అశోక్ లేలాండ్ లారీలు, టైటాన్ గడియారాలు అన్నీ ఇక్కడివే. వాటి వెంబడే జపాను క్వాలిటీ చదువు కూడా ఊళ్ళోకి దిగింది. 2002లో టీవీఎస్ మోటారుకు, జపానువాళ్ళు క్వాలిటీకి ఇచ్చే డెమింగ్ ప్రైజు వచ్చింది. ఆ గాలి నట్లూ బోల్టులూ చేసే చిన్న చిన్న కంపెనీలకు కూడా సోకింది. గోడ మీద చార్టు లేనిదే వాళ్ళకు పొద్దు గడవదు. మా బావ అట్లాంటి ఒక కంపెనీలో క్వాలిటీ సూపర్వైజరు. రోజంతా మైక్రాన్లు కొలిచే మనిషి సొంత పొట్టను ఉజ్జాయింపుకు వదిలేస్తాడా?

ఫలితాలు చెప్పడానికి నాకు ఒక్క వరుస చాలు. రాయకోట రోడ్డులో ఉండే జిమ్ములో 86 కిలోలతో చేరినాడు, టార్గెట్ 76, ఆఖరి రోజు తూకం 83.5. మిగిలిన ఏడున్నర కిలోలకు వివరణ ఇంకా నడుస్తానే ఉంది.

మొదటి పది రోజుల్లో రెండు కిలోలు పోయినాయి. ఆ సంతోషంలో ఆఫీసులో మైసూరుపాకు పంచినాడు. కోచ్ తమిళ పిల్లోడు, "ఇన్నుం ఒణ్ణు సార్, ఇన్నుం ఒణ్ణు" (ఇంకొక్కటి) అని ప్రాణం తీసినా అబద్ధం ఆడేవాడు కాదు. అన్నం తగ్గిస్తే కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజన్ ఖర్చవుతుందనీ, దాని ఒక్కో గ్రాము సుమారు మూడు గ్రాముల నీళ్ళను పట్టుకుని ఉంటుందనీ, కాబట్టి ముందు పోయేది కొవ్వు కంటే నీళ్ళే ఎక్కువనీ విడమరిచి చెప్పినాడు. "నీళ్ళయితే ఏమి? పోయింది నాలోనించే కదా!" అన్నాడు బావ.

మూడో వారం ముల్లు కదల్లేదు. మనమైతే తిండిని అనుమానిస్తాం. ఆయన త్రాసును అనుమానించినాడు. కొలతకు ప్రమాణంగా పెట్టుకునే తూకపురాళ్ళను ఎక్కడినుంచో తెచ్చి, ఒక ఆదివారం పొద్దంతా వాటిని ఎక్కించి దించి చూసినాడు. పాపం, త్రాసు నిజాయితీగానే ఉంది. దాని వెనక ఒక పచ్చ స్టిక్కరు అంటించి, తనిఖీ చేసిన తారీఖు, మళ్ళీ చేయాల్సిన తారీఖు రాసి, కింద సంతకం పెట్టినాడు. మా అక్క ఇంట్లో పెండ్లినాటి ఫోటోకు కూడా తారీఖు లేదు.

త్రాసు నిర్దోషి అని తేలినాక నేరస్థుల కోసం వెతుకులాట మొదలయింది. ఇషికావా అనే జపాను పెద్దాయన పేరుతో ఒక బొమ్మ ఉంది, ఫ్యాక్టరీల్లో దాన్ని చేపముల్లు అంటారు. తలకాయ దగ్గర సమస్య రాస్తారు, ఒక్కో ముల్లు మీద ఒక్కో రకం కారణం. బావ క్యాలెండరు కాగితం వెనక గీసి ఫ్రిజ్జు తలుపుకు అంటించినాడు. తలకాయ దగ్గర "పొట్ట". "పదార్థం" ముల్లు మీద ఓళిగలు, పితికిపప్పు సాంబారు, ఉగాది. "యంత్రం" మీద ట్రెడ్‌మిల్లు (కరెంటు పోతుంది). "పరిసరాలు" మీద హొసూరు చలి. "మనిషి" అనే ముల్లు మీద ఆయన పేరు ఉంటుందని చూస్తే, నా పేరు ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో "సాయంత్రం టీకి పిలుస్తాడు". ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే, దాచేదేముంది.

నా పక్షాన ఒక్క మాట చెప్పుకోనివ్వండి. 2023 నవంబరులో తమిళనాడు సర్కారు జిల్లాకొక ఎనిమిది కిలోమీటర్ల నడకదారి అని ప్రకటించినప్పుడు, నన్ను తెల్లారకముందే లేపి నడకకు లాక్కుపోయింది ఈయనే. నడక ముగిసే చోట అంగడి కనిపెట్టిందీ ఈయనే. "ప్రోటీను" అని బోండాలు చెప్పిందీ ఈయనే. నేను చెప్పింది ఉత్త టీ.

చేపముల్లుతో తృప్తి పడలేదు. ఏ సమస్యనైనా ఐదుసార్లు ఎందుకు, ఎందుకు అని తవ్వితే మూలకారణం దొరుకుతుందని వాళ్ళ చదువు. బావ తవ్వినాడు. బరువు ఎందుకు తగ్గలేదు? రాత్రిపూట మామిడిపండ్లు తిన్నందుకు. ఎందుకు తిన్నాను? ఇంట్లో గంపల కొద్దీ ఉన్నందుకు. ఎందుకు ఉన్నాయి? కృష్ణగిరినుంచి అత్తగారు బస్సుకు వేసినందుకు. మా అమ్మ తోటలో తోతాపురి కాయలు గుజ్జు ఫ్యాక్టరీకి పోతాయి, సెందూరా, మల్గోవా మాత్రం కూతురింటికి వస్తాయి, అది నిజమే. ఎందుకు వేసినారు? అల్లుడు కాబట్టి. ఎందుకు అల్లుడు? పెండ్లి చేసుకున్నందుకు. మూలకారణం: పెండ్లి.

కాగితం చదివి అక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి సగం సంగటి ముద్ద పెట్టింది. "ఇంకొంచెం ఏదే?" అంటే, "మూలకారణాన్ని సరిచేస్తా ఉండాను" అనింది.

బరువు మాట వినకపోయేసరికి కొలతలే మారినాయి. కిలోలు పోయి అంగుళాలు వచ్చినాయి. బెల్టుకు కొత్త బొక్క పడింది, అది కూడా మేకుతో కాదు, డ్రిల్లింగ్ మిషను మీద. అంగుళాలు ఆగినాక కొవ్వు శాతం, అది ఆగినాక నాడి, ఆఖరికి గంటలు. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీలు ఖర్చు కావాలి, ఆయన ఒంటికి గంట నడిస్తే పోయేవి ఇంచుమించు 300. మిగిలిన ఏడున్నర కిలోలకు దగ్గర దగ్గర 192 గంటలని లెక్క తేల్చి, కింద రిమార్కు రాసుకున్నాడు: "మ్యాన్ అవర్లు లేవు."

అడుగుల పిచ్చి మరొకటి. గడియారాలు చేసే ఊళ్ళో ఉంటూ, టైము చూసుకోవడం మాని అడుగులు చూసుకునే వాచీ కట్టినాడు. పడుకునేముందు ఆరువందల అడుగులు తక్కువైతే సోఫాలో కూర్చుని సీరియలు చూస్తూ చెయ్యి ఊపుతాడు, వాచీ నమ్ముతుంది. పదివేల అడుగుల లెక్క డాక్టర్లు చెప్పింది కాదు బావా, 1965లో, టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోవడానికి ఆ అంకె పెట్టింది అన్నాను.

"ఏ ఊరి కంపెనీ?"

"జపాను."

"అట్లయితే కరెక్టే."

బీఎమ్ఐ మాత్రం ఆయనకు గిట్టదు. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు కిందే లెక్క అంటారు డాక్టర్లు, ఈయనది 29.6. పందొమ్మిదో శతాబ్దంలో ఆ లెక్క కట్టిన కెట్లే బెల్జియం మనిషి అని తెలుసుకున్నాడు. "బెల్జియం వాళ్ళకు క్వాలిటీ ఏం తెలుసప్పా?"

పల్లెలో వాళ్ళమ్మ ఉంది. ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసే 'మక్కళై తేడి మరుత్తువం' పథకాన్ని 2021 ఆగస్టు 5న మా జిల్లాలోని సామనపల్లిలోనే మొదలుపెట్టినారు. అట్ల వచ్చిన ఆడమనిషి రాసిపోయిన చీటీలో ముసలామె అంకెలు చూసి బావ నివ్వెరపోయినాడు. ఇదే మన బెంచిమార్కు అన్నాడు. నోటుబుక్కు తీసి, "అమ్మా, నీ డైటు ఏమి?" అని కూర్చున్నాడు. ఆమె ఆవులకు గడ్డి వేస్తూ, "నువ్వు తినే సంగటే రా. కూకోని తినేదానికి నాకు పొద్దు యాడుంది?" అనింది. నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీగా ఉంది, నేను చూసినాను.

ఇంత రాసినాక ఒకటి ఒప్పుకోవాలి. చంద్రచూడేశ్వరుడి కొండకు ఒకప్పుడు ఈయన కారులో తప్ప పోయేవాడు కాదు. మొన్న మెట్లదారిన ఎక్కినాడు, ఒక్కచోట కూడా ఆగకుండా. నేను సగంలో గోడ పట్టుకుని నిలబడితే, పైకి పోయినాయన మళ్ళీ కిందికి వచ్చి, మా అమ్మ చేతిలోని పూజసంచీ తీసుకుని, ఆమెను చెయ్యి పట్టి ఎక్కించినాడు. మూలకారణాన్ని కన్నతల్లి ఆమె, అయినా సరే. ఇంకోటి, గురక పోయిందట. పెండ్లయినప్పటినుంచి ఇంత నిద్ర ఎరగనని అక్క చెప్పింది. రిపోర్టులో ఇది ఎందుకు లేదు బావా అంటే, "కొలత లేనిదాన్ని ఎట్ల రాసేది?" అన్నాడు.

నన్నడిగితే ప్రోగ్రాం పాసు, రిపోర్టు ఫెయిలు. రెండో విడతకు డబ్బు కట్టేసినాడు. మామిడి కాలం అయిపోయినాక చేరతాడు. ఇప్పుడు 84 ఉన్నాడు, ఈసారి టార్గెట్ 83.5 అట, ఖచ్చితంగా కొడతానంటున్నాడు. కాబట్టి హొసూరులో ఎవరైనా చొక్కా వెనక్కి లాగి మీ ముందు పక్కకు తిరిగి నిలబడితే, "బాగా తగ్గినారు సార్" అనండి. ఎంత అని అడక్కండి. టీకి మాత్రం అస్సలు పిలవకండి.