కోరం మావయ్య

కె. కోటపాడు చుట్టుపక్కల ఏ ఊళ్లో సభ జరిగినా ముందు వరసలో ఒకాయన కనిపిస్తాడు. పదవి లేదు, పార్టీ లేదు. చొక్కా జేబులో రెండు పెన్నులు మాత్రం ఉంటాయి: సంతకానికి నీలం, అభ్యంతరానికి ఎరుపు. వచ్చీ రాగానే కూర్చోడు. వెనక్కి తిరిగి తలకాయలు లెక్కపెడతాడు. అందుకే ఊరందరికీ కోరం మావయ్య. ఇలాంటివాడు ఒక్కడే అనుకునేరు, ఊరికొకడు తప్పడు.

“శాసనసభలోనే 175 మందికి 18 మంది లేకపోతే సభ నడవకూడదు. మనకేటి లెక్క?” అని మొదలెడతాడు. అప్పటికి వచ్చింది పింఛను సంగతి కనుక్కుందామని చేరిన ముసలమ్మలు. వాళ్లని టీకి కూడా కదలనివ్వడు.

“ఎమ్మెల్యే ఓడిపోవచ్చు, ఎంపీపీ దిగిపోవచ్చు. గ్రామసభలో నా సభ్యత్వం ఎవడు తీస్తాడు?” అని ఆయన ధీమా. మాట నిజమే. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివాళ్లూ గ్రామసభ సభ్యులే, నామినేషను గొడవ లేదు. మండల పరిషత్ తీరు వేరు. సర్పంచులు అక్కడ శాశ్వత ఆహ్వానితులు. మాట్లాడొచ్చు, ఓటు మాత్రం లేదు. “పెళ్లికి పిలిచి, భోజనం పెట్టి, పెళ్లికొడుకు ఎవరని అడగొద్దన్నట్టు” అని సర్పంచు ముందే అనేస్తాడు.

ఆయన ప్రాణమంతా తీర్మానాల పుస్తకంలో ఉంది. ఎక్కడో ముందు సంతకాలు తీసుకుని తర్వాత తీర్మానం రాశారని విన్నాడట. అప్పట్నుంచి ఆఖరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య వేలెడు జాగా కనబడినా ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేస్తాడు. పంచాయతీ కార్యదర్శులు మారుతూ ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు అప్పగించే సంగతుల్లో ఈ ఎర్ర పెన్ను మొదటిది.

ఒకసారి రైవాడ నీళ్ల మీద సభ వేడెక్కింది. జలాశయం నీళ్లు విశాఖ పట్నానికి పోతుంటే మా మళ్లు ఏటి కావాలని రైతులు లేచారు. మావయ్య చెయ్యెత్తాడు. “కేకలు మినిట్సులోకి ఎక్కవు. తీర్మానంగా పెట్టండి. ప్రతిపాదించేది ఎవరు, బలపరిచేది ఎవరు?”

“నీళ్లడగడానికి ఇద్దరు కావాలేటి?” అన్నాడొక రైతు.

“ఒకడు అడిగితే గోడు. ఇద్దరు సంతకం పెడితే కాగితం,” అని తనే బలపరిచాడు. నీళ్ల సంగతి అలా ఉంచండి, ఆ రోజు పుస్తకంలో ఎక్కిన పని అదొక్కటే.

ఇంటి శుభకార్యాలకు ఆయన్ని పిలవడానికి బంధువులు జంకుతారు. ఓ నిశ్చితార్థంలో తాంబూలాలు మార్చుకునే వేళ మగపెళ్లివారు మోటారు సైకిలు మాట ఎత్తారు. “ఎజెండాలో లేని అంశం!” అని మావయ్య లేచాడు. వాళ్లు తెల్లబోయేలోగా తాంబూలాలు చేతులు మారిపోయాయి. ఆ ఒక్క రోజు మాత్రం మా అత్తయ్య ఆయన నోటిని మెచ్చుకుంది.

చరిత్ర మేస్టారొకాయన వియన్నా కాంగ్రెస్ గురించి చెప్పారు. 1814 సెప్టెంబరు నుంచి 1815 జూన్ దాకా రాజులూ మంత్రులూ చేరి యూరప్ సరిహద్దులు తిరగరాశారు. బేరాలన్నీ గదుల్లోనూ నాట్య విందుల్లోనూ తెగాయి. అందరూ కలిసి నిండు సభగా ఒక్కసారీ కూర్చోలేదు. మావయ్యకి ఆ పూట అన్నం సయించలేదు. “కోరమే లేదు. అది చెల్లుతుందా?”

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మావయ్యకి పండగ రావాల్సింది, బెంగ వచ్చింది. రోజూ నాలుగు ఊళ్లు తిరిగే మనిషి, ఆ రోజు ఒక్కచోటే ఉండాలి కదా! ఆ కసి అంతా సొంత ఊరి సభ మీద తీర్చుకున్నాడు. ఉపాధి పనుల జాబితా మొదట్నుంచీ మళ్లీ చదివించాడు. వందన సమర్పణ అయింది, జనగణమన అయింది. టెంట్ హౌస్ కుర్రాడు కుర్చీలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నాడు.

“సభ ముగిసినట్టు అధ్యక్షులు ప్రకటించారా?” అన్నాడు మావయ్య.

“అధ్యక్షులు బండెక్కి ఎల్లిపోనారు మావా. లెగండి, మీరు కూకున్నదొకటే మిగిలింది.”