పడక సీను

నాకు గొంతుందని మెచ్చుకున్నవాళ్లంతా నా సంతకం కావలసినవాళ్లే. ఇంత చిన్న ముక్క బుర్రకెక్కడానికి నేను రిటైరు కావలసి వచ్చింది.

సర్వీసులో ఉండగా ఆఫీసులో ఎవరి సన్మాన సభ జరిగినా చివర్న నా పద్యం ఉండాల్సిందే. నేను ‘ఇప్పుడెందుకు లెండి’ అనడం, వాళ్లు ‘ఒక్కటి సార్’ అని బతిమాలడం, ఆ వెంటనే నేను గొంతు సవరించుకోవడం. అదో తంతు. నేను రాగం తీస్తుంటే మా సూపరింటెండెంటు కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఆయన ప్రమోషన్ ఫైలు నా బల్ల మీదే ఉందన్న సంగతి నాకు తట్టలేదు. మీ ఆఫీసులో మీ జోకులకు పగలబడి నవ్వినవాళ్లెవరో ఒకసారి గుర్తు చేసుకోండి. వద్దులెండి, రాత్రి నిద్ర పట్టదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు పద్యాలు విని పెరిగిన తరం. అంచేత రిటైరైన మర్నాడే ‘ఇన్నాళ్లూ ఈ ఉద్యోగం నాలోని కళాకారుణ్ణి తొక్కేసింది’ అని ఇంట్లో ప్రకటించాను. మా ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ ‘అలాగా’ అంది. నిజానికి ఉద్యోగం తొక్కింది నన్ను కాదు. ముప్పై ఏళ్లపాటు జిల్లా ప్రజలను కాపాడింది.

పద్యనాటకం సంగతి తెలిసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేముంది? తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడితే ఒక్క కృష్ణుడితో సరిపోదు. పడక సీనుకి ఒకడు, రాయబారానికి ఇంకొకడు, యుద్ధానికి మరొకడు. పేరున్నవాళ్లయితే నాటక సమాజమే డబ్బిచ్చి పిలుస్తుంది. నాబోటివాడైతే తానే డబ్బిచ్చి వేషం కొనుక్కుంటాడు. నాటకాల కాంట్రాక్టరు నన్ను ఎగాదిగా చూసి, ‘సార్, మీది కృష్ణుడి పర్సనాలిటీ’ అన్నాడు. నా పొట్ట, బట్టతల, కళ్లద్దాలు అన్నీ అతని ఎదురుగానే ఉన్నాయి. అయినా నమ్మాను! పెన్షన్ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి పడక సీను అడిగాను. అందులో నా తెలివితేటలు కొన్ని ఉన్నాయి. మోకాళ్ల నొప్పులవాణ్ణి, పడుకునే కృష్ణుడైతే హాయి కదా.

రిహార్సల్లో హార్మోనిస్టు ‘తమరి శ్రుతెంత?’ అన్నాడు. ఒకటి, ఒకటిన్నర అని చెబితే నామోషీ. మైకుల్లేని రోజుల్లో చిట్టచివర చాప మీద కూర్చున్నవాడికి కూడా వినపడాలని పాతవాళ్లు పెద్ద శ్రుతిలో పాడేవాళ్లు. అది గుర్తొచ్చి ‘ఐదు’ అన్నాను. పాపం పెద్దమనిషి, ఏమీ అనకుండా రెండు దగ్గర వేలుపెట్టి వాయించాడు. ఐదులో పాడేశానన్న గర్వంతో ఇంటికొచ్చి మిరియాల పాలు తాగాను.

నాటకం రోజున డ్రస్సు కంపెనీ కిరీటం నా తలకు పట్టలేదు. దారంతో గడ్డం కిందికి లాగి కట్టారు. ఒంటికి నీలం రంగు, భుజకీర్తులు, నెమలిపింఛం. కళ్లద్దాలు తీసేయడంతో లోకమంతా మాయగా కనిపించింది. తొమ్మిదింటికన్నారు. సర్పంచి గారి ఉపన్యాసం, దాతలకు శాలువాలు అయ్యేసరికి పదకొండు దాటింది. నేను రోజూ తొమ్మిదిన్నరకల్లా మాత్రలు మింగి పడుకునే మనిషిని.

తెర లేచింది. కృష్ణుడు కపటనిద్రలో ఉండాలి. మెత్తటి పరుపు, పైన ఫ్యాను. దుర్యోధనుడు వచ్చాడు, తలాపున కూర్చున్నాడు, పద్యం ఎత్తుకున్నాడు. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలు మనిషి అర నిమిషంలో చదివేస్తాడు. మావాడు చివరి అక్షరం పట్టుకుని ఆలాపనలోకి దిగాడు, ఎక్కాడు, మళ్లీ దిగాడు, జనం వన్స్ మోర్ అన్నారు, మళ్లీ మొదటికొచ్చాడు, అక్కడిదాకా నాకు గుర్తుంది. తర్వాతిదంతా మా బావమరిది ఫోనులో చూశాను. కపటం పోయింది, నిద్ర మిగిలింది. మంచం పక్కన మైకు. ఊళ్లో నాలుగు దిక్కులా కట్టిన లౌడ్‌స్పీకర్లలో నా గురక. హార్మోనిస్టు దానికీ శ్రుతి కలిపాడు. అర్జునుడొచ్చి పాదాల దగ్గర కూర్చున్నాడు, పద్యం పాడాడు, దగ్గాడు, పాదం పట్టుకుని ఊపాడు, ఆఖరికి బొటనవేలు గట్టిగా గిల్లాడు. నేను ఉలిక్కిపడి లేచి, ద్వారకానాథుడి హోదాలో, మైకులో, ‘ఏమేవ్, కాఫీ’ అన్నాను.

నా జీవితంలో మొదటిసారి నిజమైన వన్స్ మోర్ పడింది. చూడండి, వీళ్లలో ఒక్కడికి కూడా నా సంతకంతో పనిలేదు. అదీ నేను ఒప్పుకోవలసిన అసలు సంగతి: సిగ్గుతో చచ్చిపోవలసిన ఆ క్షణంలో, కిరీటం ఒక చెవి మీదికి జారి ఉండగా, లోపల్లోపల కాస్త సంతోషించాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ, ‘ఇంట్లో నేనొక్కదాన్నే వింటున్నానని బెంగా అండీ, ఊరందరికీ వినిపించారు?’ అంది. మనవడు నన్ను తాతయ్యా అనడం మానేసి కాఫీ కృష్ణుడంటున్నాడు. నేనిక నాటకాల జోలికి పోనని అందరి ముందూ చెప్పాను.

మొన్న కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. శివరాత్రికి ఇంకో ఊళ్లో నాటకమట. బేరం కుదిరింది, ఇంట్లో ఇంకా తెలియదు. ఈసారి రాయబారం తీసుకున్నాను. అందులో కృష్ణుడు నిలబడే ఉంటాడు.