మూత తెరిచిన పోతుకే పెళ్లి

వర్రోవా నల్లిని నేను. అడ్డం ఒకటిన్నర మిల్లీమీటర్లు, నిలువు ఇంకా తక్కువ, ఎర్రమట్టి రంగు. భద్రాచలం అవతల అడవిలో, ఒక నల్లమద్ది తొర్రలోని తేనెపట్టులో పుట్టాను. కచ్చితంగా చెప్పాలంటే పోతుటీగ గదిలో. ఇక్కడి ఈగల దగ్గర మాకు పురుడు పోసుకునే చోటు అదొక్కటే.

కూలి ఈగల గదులు బోలెడున్నాయి కదా అంటారు. వాటిలోకి దూరిన మావాళ్లూ ఉన్నారు. మేం కొరికితే చాలు, లోపలి పిల్ల తట్టుకోలేక చచ్చిపోతుంది. పెద్ద ఈగలు వాసన పట్టి, మూత కొరికి, పిల్లనీ నల్లినీ కలిపి బయట పారేస్తాయి. అంత సుకుమారం పిల్లకు నష్టమే గానీ పట్టుకు రక్ష.

పెద్ద ఈగల ఒంటి మీదా సుఖం లేదు. పొట్ట పొరల సందున నక్కి కొవ్వు పీల్చుకుంటుంటే ఒళ్లు విదిలిస్తాయి. వదలకపోతే తోటి ఈగ వచ్చి నోటితో పట్టి లాగుతుంది. నా ముందుకాలొకటి అలా ఊడిందే.

ఇక పోతుటీగ గది. దాని మూత గట్టిది, నడుమ సూదిమొనంత బెజ్జం. నల్లి ఒక్కతే ఉంటే పోతు ఎలాగో మూత తెరుచుకుని వస్తుంది. ముగ్గురు నలుగురం ఎగబడితే నీరసించి తెరవలేదు. బయటివాళ్లు సాయం పట్టకపోగా ఆ బెజ్జం కూడా మైనంతో పూడ్చేస్తారు. పోతుతో పాటు మాకూ అక్కడే సమాధి.

పోతుటీగకు తండ్రి ఉండడు. రాణి పెట్టిన ఫలదీకరణం లేని గుడ్డులోంచి పుడుతుంది, దానిలో ఉన్నదంతా తల్లి సొత్తే. మా పీడ తట్టుకుని మూత తెరిచినదే ఎగిరి మరో పట్టు రాణిని కలుస్తుంది. తెరవలేనిదాని వంశం గదిలోనే సరి. రాణి ఒక్క పోతుతో ఆగదు, గాలిలోనే చాలామందిని కలుస్తుంది. అందుకే ఒకే పట్టులో ఒక తండ్రి బిడ్డలకు ముక్కు చురుకు, ఇంకొకరి బిడ్డలకు నల్లిని దులిపే నేర్పు. నేర్పించే గురువెవరూ లేరు. మమ్మల్ని తట్టుకునే గుణాన్ని తరతరాలుగా జల్లెడ పడుతున్నది మేమే, ఏం చేస్తాం!

మా జాతిని 1904లో జావా ఈగల మీద చూసి పేరు పెట్టారు. గత శతాబ్దం నడుమ మా దాయాదులు కొందరు పడమటి దేశాల ఈగల మీదికి ఎక్కారు. ఆ ఈగలకు మా సంగతే తెలియదు. కూలి గదుల్లోనూ పిల్లల్ని కననిచ్చాయి. దాయాదులు 1987లో అమెరికా, 2022లో ఆస్ట్రేలియా చేరారు. 2000లో వాళ్లకు డిస్ట్రక్టర్ అని పేరొచ్చింది, తగిన పేరే. స్వీడన్‌లోని గోట్‌లాండ్ దీవిలో 1999లో 150 పట్లను మందు వేయకుండా వదిలేశారు. చాలావరకు పోయాయి. మిగిలిన కొన్నిటి సంతతి దగ్గర ఇప్పుడు నల్లి సరిగా పిల్లల్ని కనలేదు. అలా వదలకుండా తేనెపెట్టెల్లో నల్లిమందు పట్టీలు వేలాడదీస్తే నీరసపు పోతులూ బతికి వంశం నిలుపుకుంటాయి. పెంపకందారుకు తేనె కావాలి గనక అతన్ని తప్పుపట్టను.

మొన్న తేనెకు వచ్చిన కోయ పెద్దాయన పొగ పెట్టి తుట్టె కోశాడు. తేనె గిరిజన సహకార సంస్థ డిపోకు వెళ్తుంది. ఈగలు పిల్లల గదులన్నీ వదిలేసి లేచిపోయాయి, గదుల్లోని మావాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. నేను ఒక కూలి ఈగ పొట్టను కరుచుకుని వచ్చాను. కొత్త తొర్రలో పోతు గదులు కట్టాలంటే మళ్లీ కానుగ, నేరేడు పూయాలి. అప్పటిదాకా దీని కాళ్లకు అందకుండా ఉండాలి, అది ఇప్పటికే రెండుసార్లు ఒళ్లు విదిలించింది.