డిపాజిట్

మలేసియాలోని లంకావి దీవికి ఒక శాపం ఉందంటారు. చేయని తప్పుకు తన ప్రాణం తీశారని మహ్సూరి అనే ఇల్లాలు, ఏడు తరాల పాటు ఈ దీవి బాగుపడదని శపించిందట. ఏడు తరాలు ఆగే ఓపిక ప్రధాని డాక్టర్ మహతీర్ మొహమ్మద్‌కు లేకపోయింది. 1987లో దీవి మీద సుంకాలు ఎత్తేశారు. హోటళ్లొచ్చాయి, టూరిస్టులొచ్చారు. దేశాధినేతలు ఆయనకిచ్చిన కానుకలు పెట్టడానికి మ్యూజియం కూడా అక్కడే వెలిసింది.

ఏకబిగిన 22 ఏళ్లు ఏలి 2003లో దిగిపోయారు. దిగినవాడు ఊరుకుంటేనా! 92 ఏళ్ల వయసులో సొంత పాత పార్టీ మీదే కత్తి దూసి, 2018లో లంకావి నుంచి గెలిచి మళ్లీ ప్రధాని అయ్యారు. రెండేళ్లు నిండకుండానే ఆ కుర్చీ పోయింది.

2022 నవంబరులో మళ్లీ నామినేషన్. వయసు 97. గుండెకు అప్పటికే రెండు బైపాస్‌లు. ప్రధానిగా ఉన్నప్పుడూ చొక్కాకు పేరు బిళ్ల తగిలించుకుని తిరిగిన మనిషి. లంకావిలో ఆ బిళ్ల చదివి గుర్తుపట్టాల్సిన ఓటరు ఉంటాడా?

ఓట్లు లెక్కపెట్టారు. అయిదుగురిలో నాలుగో స్థానం, 4,566 ఓట్లు. 1969 తర్వాత ఆయనకు ఇదే తొలి ఓటమి. డిపాజిట్ దక్కాలంటే మన దగ్గర పోలైన ఓట్లలో ఆరో వంతు కావాలి, అక్కడ ఎనిమిదో వంతు చాలు. అదీ రాలేదు. పదివేల రింగిట్లు గల్లంతు.

కుర్రకారు ఓట్లు ఎటు పడ్డాయో గానీ, ఓటు వయసును 21 నుంచి 18కి దించిన రాజ్యాంగ సవరణ 2019లో, ఆయన ప్రధానిగా ఉండగానే పార్లమెంటు దాటింది. ఆ పిల్లలు తొలిసారి సార్వత్రిక ఎన్నికలకు క్యూ కట్టింది ఈసారే.

గెలిచిన అభ్యర్థికి 25,463 ఓట్లు. ఆయనది బెర్సతు పార్టీ. పుట్టింది 2016లో. పురుడు పోసినవాళ్లలో పెద్ద, తొలి ఛైర్మన్ డాక్టర్ మహతీర్ మొహమ్మద్. 2020లో ఆయన్నే బయటికి గెంటింది.