ఛాంబర్-214

సాయంత్రం ఆరున్నర దాటింది. సగం ట్యూబులైట్లు ఆర్పేశారు. నేను బ్యాగు సర్దుకుంటుంటే ఆ అమ్మాయి పరుగున వచ్చి నా టేబుల్ పక్కన నిలబడింది.

"సార్, తప్పు ప్రింటర్‌కి కొట్టేశాను."

"ఏ ప్రింటర్‌కి?"

"ఛాంబర్‌కి."

ఛాంబర్ అంటే మా అధికారి గది. వారం కిందట వాళ్ళ సెక్షన్ ప్రింటర్ పాడైతే, బాగయ్యేదాకా అక్కరకొస్తుందని ఛాంబర్ ప్రింటర్‌ని ఆమె మిషన్‌కి తగిలించింది నేనే. మళ్ళీ తీసెయ్యలేదు.

"ఏం కొట్టావమ్మా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ చేస్తుంది. మూడు నెలలుగా తన జీతంలోనూ, తనలాంటి మరో నలుగురి జీతాల్లోనూ రెండేసి వేలు కోసి మిగిలింది చేతిలో పెడుతున్నారు. ఆ డబ్బు ఎవరికి చేరుతోందో పేరు పెట్టి పైఆఫీసుకి అర్జీ రాసింది. ఆ పేరు, ఛాంబర్ తలుపు మీదున్న పేరు ఒకటే.

"కాగితం బయటికొచ్చిందా?"

"లోపల పేపర్లు అయిపోయాయట సార్. పెద్దసారు కూడా ఏదో కొట్టి, రాకపోయేసరికి విసుక్కుని ఇంటికెళ్ళిపోయారని అటెండర్ చెప్పాడు. గదికి తాళం వేశారు."

నేను బ్యాగు కింద పెట్టి సర్వర్ ముందు కూర్చున్నాను. మనం ప్రింట్ కొట్టింది నేరుగా ప్రింటర్‌కి పోదు. లినక్స్ మిషన్లలో కప్స్ అనే వ్యవస్థ దాన్ని తన దగ్గర పెట్టుకుని, ఓ నంబరిచ్చి వరసలో నిలబెడుతుంది. కప్స్ 1999లో వచ్చింది. దాని ఆదేశాల పేర్లు అంతకంటే పాతవి. 'ఎల్‌పీ' అంటే లైన్ ప్రింటర్, వరస తర్వాత వరస కొట్టుకుంటూ పోయే ఆ పెద్ద యంత్రాల కాలం నాటి మాట. బొమ్మల మీద నొక్కి రద్దు చెయ్యడం కంటే నాకు ఈ ఆదేశాల మీదే గురి. చెప్పింది చెప్పినట్టు చేస్తాయి.

'ఎల్‌పీస్టాట్ హైఫన్ ఓ' కొట్టాను. రెండు వరసలు వచ్చాయి. ఛాంబర్-214, పక్కన ఆమె లాగిన్, ఎన్ని బైట్లో, ఎప్పుడు కొట్టిందో. దాని కింద ఛాంబర్-215, అధికారిగారి లాగిన్. ఆయన టూర్ బిల్లు అయ్యుంటుంది. 'క్యాన్సిల్ హైఫన్ ఏ' అంటే వరస మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. కానీ ఆయనది కూడా పోతే, ఎలా పోయిందని పొద్దున్నే ఆరా మొదలవుతుంది. అందుకని 'క్యాన్సిల్ ఛాంబర్-214' అని మాత్రమే కొట్టాను.

పని జరిగితే ఆ ఆదేశం ఏమీ మాట్లాడదు. కర్సర్ ఒక వరస కిందికి దిగి మిణుకుమంది, అంతే. మళ్ళీ చూశాను. 215 ఒక్కటే ఉంది.

అక్కడితో ఊరుకోలేదు. రద్దు చేసినా అందులోని విషయం కాసేపు డిస్కు మీద మిగిలి ఉండొచ్చు. స్పూల్ డైరెక్టరీలోకి వెళ్ళి చూస్తే 'డి' అక్షరంతో మొదలై 214 నంబరున్న ఫైలు ఇంకా ఉంది. ఆ అర్జీ అక్షరం అక్షరం అందులోనే ఉంది. దాన్నీ తీసేశాను.

"అయిపోయిందమ్మా. ఇక ఎక్కడా లేదు. నిశ్చింతగా ఇంటికెళ్ళు."

ఆమె రెండు చేతులూ జోడించింది. ఖాళీ టిఫిన్ డబ్బా చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగిపోయింది.

మర్నాడు పదిన్నరకి ఛాంబర్ నుంచి పిలుపు.

"నిన్నట్నుంచీ నా టూర్ బిల్లు రావట్లేదయ్యా. అటెండర్ సెలవు పెట్టాడు. కాస్త పేపర్లు పెట్టి చూడు."

కొత్త కట్ట చించి, అంచులు విదిలించి ట్రేలో పెట్టి లోపలికి నెట్టాను. మిణుకుతున్న దీపం నిలకడగా వెలిగింది. రోలర్లు తిరిగాయి. ఒక కాగితం వెచ్చగా, బోర్లా వచ్చి పడింది. తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

రోలర్లు ఆగలేదు. రెండోది వచ్చింది. టూర్ బిల్లు ఒక్క పేజీయే కదా అనుకుంటూ దాన్ని తిప్పి చూశాను.

టూర్ బిల్లు ఇది.

ప్రింటర్‌కి తన సొంత మెమరీ ఉంటుంది. పేపర్లు లేవని అది ఆగేటప్పటికే 214 సర్వర్ దాటి దాని లోపలికి చేరిపోయింది. ఒక్క పేజీ, ఎంతసేపు పడుతుంది? నేను రద్దు చేసింది సర్వర్లో మిగిలినదాన్ని. ఈ గదిలో ఒకసారి స్విచ్ ఆపి ఉంటే అది చెరిగిపోయేది. పేపర్లు పెట్టేముందు, ఈ పొద్దున కూడా.

ఆయన తాపీగా చివరిదాకా చదివారు. మడత పెట్టలేదు, చించలేదు. కాగితాన్ని టేబుల్ మీద నా వైపు తిప్పి, అట్టడుగున ఆమె పేరు టైపు చేసి ఉన్నచోట వేలు పెట్టారు.

"కింద సంతకం పెట్టడం మర్చిపోయినట్టుంది," అన్నారు పెన్ను మూత తీస్తూ. "ఆ అమ్మాయిని ఒకసారి లోపలికి రమ్మను."