మూలపడ్డ పెంటియం: టీకా తాత్పర్య సహితం

తే. మూల పడియున్న పెంటియమునకు నేడు
లఘువగు లినక్సు నెక్కించి లక్ష్యశుద్ధి
తోడ బయొసును మేల్కొల్పి దుమ్ము దులిపి
వెబ్బు దెరువంగ నుసురది విడిచె మరల.

టీక: మూల పడియున్న = అమ్మబోతే కొనేవాడు లేక, పారేయడానికి మనసు రాక అటకెక్కించిన; పెంటియమునకు = పెంటియం 4 కంప్యూటరుకు (512 ఎంబీ ర్యామ్ అని అధ్యాహారం); నేడు = 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ నీళ్లు వదిలిన పిమ్మట; లఘువగు లినక్సున్ = యాంటీఎక్స్, పప్పీ, టైనీకోర్ వంటి వాటిలో ఒకదానిని; ఎక్కించి = పెన్‌డ్రైవ్ నుంచి హార్డ్‌డిస్కులోకి దించి; లక్ష్యశుద్ధితోడన్ = ‘పాత సామాన్లవాడికి వేసెయ్యరాదూ’ అని ఇంట్లోవాళ్లు అంటున్నా చలించక; బయొసును మేల్కొల్పి = ఎఫ్12 మీటను టపటపా కొట్టి; దుమ్ము దులిపి = ఫ్యాను ఊది, ర్యామ్ పలక అంచును పెన్సిలు రబ్బరుతో రుద్ది; వెబ్బున్ తెరువంగన్ = బ్రౌజరులో ఒక్క పేజీ తెరవగానే; అది = ఆ యంత్రం; మరల ఉసురు విడిచెన్ = మళ్లీ కొయ్యబారింది.

ఆక్షేపం: లినక్సు ఎక్కించాక దుమ్ము దులపడమేమిటి?

సమాధానం: పాఠక్రమం కన్నా అర్థక్రమం బలీయమని మీమాంసకుల మతం. కనుక ముందు దుమ్ము, తరువాత బయొసు, ఆపైన లినక్సు. ‘దుమ్ము’ ఇక్కడ ఉపలక్షణం. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చడమూ ఇందులోకే వస్తుంది. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సైటు సర్టిఫికెట్ తేదీ ఇంకా రానేలేదని బ్రౌజరు గడప తొక్కనివ్వదు.

మతభేదం: పప్పీ సంప్రదాయం వారు (ప్రవర్తకుడు బారీ కౌలర్, 2003) అసలు ఎక్కించనే అక్కర్లేదంటారు; అది మొత్తంగా ర్యామ్‌లో చేరి అక్కడే నడుస్తుంది. యాంటీఎక్స్ వారు డెబియన్ శాఖీయులే అయినా సిస్టమ్‌డీని ఒప్పుకోరు. 256 ఎంబీ ఉన్నా చాలంటారు. పద్యంలో ‘ఎక్కించి’ అని ఉన్నందున కవిది రెండో పక్షమే. మూలశాఖ డెబియన్ మాత్రం 13వ విడుదలతో (2025) 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలరు ఇవ్వడం మానుకుంది.

తాత్పర్యం: యంత్రం ముసలిదైందన్నది భ్రాంతి. కొన్ననాడు ఎంత వేగంగా లెక్క కట్టిందో ఇవాళా అంతే వేగంగా కడుతుంది. ఒళ్లు చేసినవి వెబ్ పేజీలు. ఒక వార్త చదవబోతే దాని వెంట ప్రకటనలు, వీడియోలు, మోపెడు జావాస్క్రిప్టు దిగుతాయి. ర్యామ్ నిండి, యంత్రం స్వాప్‌ను శరణు వేడుతుంది. హార్డ్‌డిస్కు గరగరలాడుతుంది, మౌసు బాణం కదలదు. లఘు లినక్సు తన బరువు తగ్గించుకోగలదు గాని, వచ్చే పేజీ బరువు తగ్గించలేదని కవి హృదయం.

అలంకారం: ఇష్టం కోరి యత్నిస్తే అనిష్టం సిద్ధించింది గనుక విషమం.

ఫలశ్రుతి: తప్పక వెబ్బు చూడవలసినవారు జావాస్క్రిప్టు ఎరుగని డిల్లో బ్రౌజరును ఆశ్రయింతురు గాక, బ్యాంకు పనులు మాత్రం అందులో సాగవు. మూడో పాదం దగ్గరే పారాయణ ఆపి, టైపింగుకూ పాటలకూ వాడుకునేవారి పెంటియానికి అపమృత్యుభయం లేదు.